ఎనిమిది నిమిషాల పెళ్లి

ఆదివారం చర్చి వదిలాక టల్బర్ట్ ఊళ్లో సగం జనం నేరుగా భోజనాలకు పోరు. ముందు రియాల్టో సినిమా హాలు దగ్గర ఆగుతారు. అప్పటికే హాలిస్ బ్రాంట్లీ కోటు విప్పి గేటుకు తగిలించి, నిచ్చెనెక్కి, గుమ్మానికి అటూ ఇటూ ఉన్న రెండు బోర్డుల మీద నల్లక్షరాలు మారుస్తూ ఉంటాడు. హాలు ఆయనది, అక్షరాలు ఆయనవి, అభిప్రాయాలు మరీ ఆయనవి. అరవై మూడేళ్లుగా ఆర్కన్సా దాటని ఆ మనిషికి అభిప్రాయం లేని విషయమంటూ లేదు గానీ, బోర్డు ఎక్కించేవి మాత్రం రెండే: సినిమాలు, కాలేజీ ఫుట్‌బాలు.

ఎడమ బోర్డు సినిమాది. ఆ వారం ఆడే బొమ్మ పేరు, దాని కింద రెండు మాటలు ఉంటాయి. "లోపల రెండు గంటల పది నిమిషాలు. బయట పద్దెనిమిది నిమిషాలు." ఊరికి కావలసింది ఆ రెండోదే. రియాల్టోలో మంచి బొమ్మ పడితే బయట కాలం నత్తనడక నడుస్తుంది. పొయ్యి మీద చిక్కుడుగింజలు పెట్టి సినిమాకొచ్చిన ఆడవాళ్లు, హీరో ముసలివాడై చచ్చిపోయేదాకా చూసి, కళ్లు తుడుచుకుంటూ ఇంటికెళ్లి గింజల్లో ఉప్పు వేసుకుంటారు. బొమ్మ చెత్తదైతే అంతా తిరగబడుతుంది. వెనకటికి ఒక జలాంతర్గామి సినిమాకి శనివారం సాయంత్రం వెళ్లినవాళ్లు మంగళవారం పొద్దున బయటికొచ్చారు. బడికి చెప్పకుండా ఎగ్గొట్టాడని లెక్కల మాస్టారికి నోటీసు కూడా ఇచ్చారు.

అందుకే టికెట్ కిటికీలో కూర్చునే ఓజెల్లా, ఎనభై ఒక్కేళ్ల మనిషి, ఎదురుగా ఉన్న కోర్టు గడియారం మీద ఒక కన్ను వేసి ఉంచుతుంది. ముల్లు పరుగు మొదలెట్టిందంటే చేతిగంట కొడుతుంది. ఇంట్లో పనున్నవాళ్లు పక్క తలుపులోంచి జారుకుంటారు. బొమ్మ ఎలాంటిదైనా, బయటికి రాగానే అందరూ ఆ గడియారం చూసి తమ చేతి వాచీలు సరిచేసుకుంటారు. ఎడమ బోర్డు మీద హాలిస్ మాట ఇరవై ఆరేళ్లలో ఐదు నిమిషాలకు మించి తప్పలేదు.

కుడి బోర్డు సంగతి వేరు. అది ఫుట్‌బాలుది. ఆయన గెలుస్తుందన్న జట్టు ఓడుతుంది, మట్టి కరుస్తుందన్న జట్టు కప్పు ఎత్తుకుపోతుంది. సీజను చివర ప్లేఆఫ్‌లు వస్తాయి కదా, ఓడితే ఇంటికే అన్న పోటీలు, వాటి జాబితా రాగానే ఆయన ప్రతి జోడీకీ ఒక తీర్పు రాసి పెడతాడు. ఊరు పెన్సిళ్లతో వచ్చి, దాన్ని సరిగ్గా తిరగేసి తమ పందెం కాగితాలు నింపుకుంటుంది.

"మొదటి పది నిమిషాల్లో వాన కురిపించే సినిమానీ, మొదటి ఆటలోనే జిత్తు చూపించే జట్టునీ నమ్మకూడదు. ఆఖరికి వాళ్ల దగ్గర ఏమీ మిగలదు," అంటాడు నిచ్చెన మీంచి.

"అయితే ఎవరు గెలుస్తారంటావు, హాలిస్?"

"కార్వర్ హిల్. కళ్లు మూసుకుని రాసేసుకో."

కిందున్నవాళ్లు కళ్లు తెరుచుకునే రెండో జట్టు పేరు రాసుకుంటారు. ఆయనకీ ఆ సంగతి తెలుసు. తెలిసీ మానడు.

ఇంత తెలిసిన మనిషి ఏప్రిల్లో ఒక పొరపాటు చేశాడు. మా వైపు సెప్టెంబరు నుంచి నవంబరు దాకా శనివారం ఎవరూ పెళ్లి పెట్టుకోరు. శనివారాలు ఫుట్‌బాలువి. తెలియక అక్టోబరు శనివారం పెట్టుకున్న ఒక జంటకి పాస్టర్ పర్విస్ చెవిలో రేడియో పెట్టుకుని ప్రమాణాలు చేయించాడు. మధ్యలో ఆయన గట్టిగా "ఆమెన్" అన్నది పెళ్లికో టచ్‌డౌనుకో ఇప్పటికీ తేలలేదు. ఆ గొడవ లేకుండా హాలిస్ తన ఒక్కగానొక్క కూతురు మేవిస్ పెళ్లికి డిసెంబరు రెండో శనివారం ఖాయం చేశాడు.

"డిసెంబర్లో మన స్టేడియంలో కాకులు తప్ప ఎవరాడతారే?" అన్నాడు కూతురితో.

నిజమే. మా కాలేజీ జట్టు పేరు కంచరగాడిదలు. ముప్ఫై ఒక్కేళ్లుగా అవి డిసెంబరు మొహం చూడలేదు.

పెళ్లికొడుకు ఆ జట్టులోవాడే, డ్వైట్ టూమీ. బంతిని పసుపు కంబాల మధ్యనుంచి తన్నేవాడు. మ్యాచ్ మొత్తంలో ఐదారుసార్లు మైదానంలోకి వచ్చి, తన్ని, వెళ్లిపోయే మనిషి. తగిలితే మూడు పాయింట్లు, తప్పితే ఊరంతా తిట్లు. అక్టోబర్లో ఒక మ్యాచ్‌లో ఇరవై రెండు గజాల నుంచి, చిన్నపిల్లలు తన్నే దూరం, తప్పించాడు. కాలు బంతికి తగలకముందే తలెత్తి కంబాల వైపు చూశాడు, అంతే. మర్నాడు కుడి బోర్డు మీద హాలిస్ కాబోయే అల్లుడని కూడా చూడకుండా రాశాడు: "బంతి టూమీ కాలిదాకా వస్తే లేచి కార్లు తీయండి. ట్రాఫిక్ తప్పుతుంది." ఆపైన ప్రతి మ్యాచ్‌లోనూ టూమీ మైదానంలోకి రాగానే తనే ముందు లేచి వెళ్లిపోయేవాడు. పెళ్లి గురించి మంగలి షాపులో ఎవరో అడిగితే, "మంచి కుర్రాడే. కానీ సినిమాగా చూస్తే బయట మూడ్రోజులు పట్టే బొమ్మ," అన్నాడు. ఆ మాట సాయంత్రానికి ఊరు చుట్టింది. నౌకాదళంలో ఇంజన్ మెకానిక్‌గా ఉన్న మేవిస్‌కీ ఓడ మీదికి చేరింది.

తానొకటి తలిస్తే దైవమొకటి తలచినట్టు, కంచరగాడిదలు గెలవడం మొదలుపెట్టాయి. నవంబరంతా గెలిచాయి. ప్లేఆఫ్‌లోకి దూరాయి, మొదటి పోటీ నెగ్గాయి. రెండోదానికి మిషిగన్ నుంచి ఐరన్‌వుడ్ జట్టు రావాలి. మా ఊళ్లోనే, మా స్టేడియంలోనే, డిసెంబరు రెండో శనివారం మధ్యాహ్నం ఒంటిగంటకి.

అది చాలదన్నట్టు మేవిస్ నుంచి ఫోను.

"నాన్నా, ఓడ ముందే కదులుతోంది. వారం సెలవు కాస్తా ఒక్క పూటైంది. శనివారం ఒంటిగంటకి దిగుతాను. నాలుగు కొట్టేసరికి మా జీపు కదలాలి. ఆ తర్వాత ఎనిమిది నెలలు నీళ్ల మీదే."

"అయితే పెళ్లి వచ్చే ఏడాది పెట్టుకుందాం తల్లీ."

"పెట్టుకోను. అమ్మ ఉన్నప్పుడు ఏమనేది? వాయిదా వేసిన కేకు ఉబ్బదు అనేది. శనివారమే చేసుకుంటాను. విందు కావాలి, నాట్యం కావాలి, నువ్వు చదివే ప్రసంగం కూడా కావాలి."

"ఒంటిగంట నుంచి నాలుగింటిదాకా వాడు మైదానంలో ఉంటాడే! మధ్యలో ఇరవై నిమిషాల విరామం. అందులో కోచ్ లోపల పాఠం చెప్తాడు."

"కోచ్‌ని అడిగాను. తన్నేవాడికి విరామంలో చెప్పడానికి ఏముంటుందమ్మా, ఇరవై నిమిషాలూ నువ్వే ఉంచుకో అన్నాడు." మేవిస్ గొంతు తగ్గించి అంది, "నాన్నా, స్టేడియంకి రోడ్డు అవతలే మన హాలుంది కదా."

హాలిస్ ఫోను పట్టుకునే లెక్కలు వేశాడు. హాలుంది. లోపల మూడు గంటల పెళ్లి చేసినా, అది మంచి పెళ్లైతే, బయట పది నిమిషాలైనా కాదు. కానీ అది మంచిది కాకపోతే? టూమీ బయటికొచ్చేసరికి ఐరన్‌వుడ్ వాళ్లు మిషిగన్ చేరి ఉంటారు, కూతురి ఓడ సముద్రం మధ్యలో ఉంటుంది, ఓడ తప్పించిన నావికురాలిని ఏం చేస్తారో అందరికీ తెలుసు. మూడ్రోజుల బొమ్మ అని తీర్పిచ్చింది తనే. ఆ విషయంలో ఇరవై ఆరేళ్లుగా తప్పలేదు కూడా.

ఆ ఆదివారం బోర్డుల కింద ఎప్పుడూ లేనంత జనం చేరారు. కుడి బోర్డు మీద "ఐరన్‌వుడ్, పదిహేడు పాయింట్ల తేడాతో" అని చూసి సంతోషించారు. ఎడమ బోర్డు ఖాళీగా ఉంది.

"ఒరే హాలిస్," అంది ఓజెల్లా కిటికీలోంచి. "పెళ్లి బయట ఎంతసేపో రాయవేంరా?"

"పెళ్లి సినిమా కాదు కదత్తా."

"ఫుట్‌బాలూ కాదు కదరా. సినిమా అనుకుంటే నీ మాట తప్పదు. ఆట అనుకుంటే నీ మాట నెగ్గదు. ఏదనుకుంటున్నావో తేల్చుకో."

ఆయన ఏదీ తేల్చుకోలేదు. ఎడమ బోర్డు ఖాళీగానే ఉంచి నిచ్చెన లోపల పెట్టేశాడు. అంగట్లో అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అన్నట్టుంది, ఇక్కడ ఆ శని మామగారి నోట్లోనే ఉంది అని మంగలి షాపులో నవ్వుకున్నారు.

శనివారం ఒంటిగంటకి మేవిస్ నేవీ జీపులో దిగింది. తెల్ల యూనిఫాంలోనే నేరుగా స్టేడియంకి వచ్చింది. పెళ్లిబట్టలకి టైం లేదు, అదే పెళ్లిబట్ట అంది. జీపు తోలుకొచ్చిన సార్జంటు లాంటి అధికారి ఒకాయన, మాట తక్కువ మనిషి, చేతి వాచీ చూపించి "నాలుగు" అన్నాడు. మొదటి సగం అయ్యేసరికి కంచరగాడిదలు పది, ఐరన్‌వుడ్ పద్నాలుగు. ఆ పదిలో మూడు టూమీవే. ఆ తన్ను మాత్రం హాలిస్ చూడలేదు, టూమీ రాగానే అలవాటుగా లేచి వేయించిన వేరుశనగల కొట్టు వైపు వెళ్లాడు.

రెండున్నర దాటి రెండు నిమిషాలకి విరామం. టూమీ అడుగున మేకులున్న ఆట బూట్లతోనే రోడ్డు దాటి టకటకమంటూ పరిగెత్తాడు. వెనక మేవిస్, ఆ వెనక చుట్టాలు, పొగలో కాల్చిన పందిమాంసం పళ్లేలు, మొక్కజొన్న రొట్టెలు, పెకాన్ గింజల కేకులు. అందరూ హాల్లోకి వెళ్లాక ఓజెల్లా తలుపు మూసి కిటికీలో కూర్చుంది.

పాస్టర్ పర్విస్ జన్మలో మొదటిసారి ప్రసంగాన్ని ఏడు నిమిషాల్లో ముగించాడు. ప్రమాణాల్లో ముందు టూమీ వంతు వచ్చింది. "నేను గొప్పగా చెప్పలేను మేవిస్. నీ కోసం వేచి ఉంటాను. నాకు వేచి ఉండటం తెలుసు, బెంచీ మీద కూర్చునేవాణ్ణి కదా."

జనం నవ్వారు. మేవిస్ నవ్వలేదు. అతని గడ్డం పట్టుకుని కిందికి వంచింది. "నాదొక్కటే ప్రమాణం. నువ్వు తన్నేటప్పుడు తలెత్తకు. బంతి ఎక్కడికి పోయిందో నేను చూసి చెప్తాను. చూడటం నా పని, తన్నటం నీ పని. సరేనా?"

"సరే."

కిటికీలోంచి ఓజెల్లా కేక వేసింది, "ముల్లు కదల్లేదర్రా!"

భోజనాలయ్యాయి. పిడేలు మొదలైంది. కొందరు రెండోసారి వడ్డించుకున్నారు. గంటన్నర గడిచాక హాలిస్ తెర ముందుకొచ్చి జేబులోంచి కాగితం తీశాడు. "డ్వైట్ టూమీ ఒక మచ్చలేని యువకుడు," అని చదివాడు. "మొదటిరోజు నుంచీ నాకతని మీద పూర్తి నమ్మకం. మా కుటుంబంలోకి అతణ్ణి ఆహ్వానించడం మాకెంతో..."

ఓజెల్లా గంట కొట్టింది.

"ఒరే హాలిస్! ముల్లు పరిగెడుతోందిరా! రెండు నిమిషాలు పోయాయి! మూడు!"

టూమీ తలుపు వైపు చూశాడు. హాలిస్ కాగితంలో తర్వాతి వాక్యం వెతుక్కున్నాడు. అదీ అలాంటిదే.

"ఐదు! ఆ కాగితం చింపరా నాయనా!"

ఆయన చింపాడు. ముక్కలు జేబులో కుక్కుకున్నాడు. నేరుగా టూమీ వైపు తిరిగాడు.

"నీ గురించి బోర్డు మీద రాసిన మర్నాడు నువ్వు సినిమాకొచ్చావు. బోర్డు చదివావు. చదివి, నాకు గుడ్ ఆఫ్టర్నూన్ చెప్పి లోపలికి పోయావు. బయటికొచ్చి ఏమన్నావో గుర్తుందా?"

"సినిమాలో ముసలాయన ఆఖర్న తలుపు వెయ్యకుండా వెళ్లిపోయాడు, అది బాగుందన్నాను సార్."

"ఆ తలుపు ఇరవై ఆరేళ్లలో నేను తప్ప ఎవరూ చూడలేదురా. నాలుగుసార్లు తెప్పించాను ఆ సినిమా. ఎవరైనా చూస్తారేమో అని. ఎవరికీ చెప్పలేదు. నువ్వు ఒక్కసారికే చూశావు." హాలిస్ ఒక అడుగు ముందుకు వేశాడు. "నాకు కోపం ఇరవై రెండు గజాలకి కాదు. నాకంటే బాగా చూసేవాడొకడు వచ్చి, నాతో కలిసి సినిమాలు చూసిన ఒక్క పిల్లనీ పట్టుకుపోతున్నాడని. మూడ్రోజుల బొమ్మ అన్నది అబద్ధం. అది అబద్ధమని అప్పుడే తెలుసు నాకు."

టూమీ తలుపు వైపు చూడటం మానేశాడు.

"ఆగింది," అంది ఓజెల్లా కిటికీలోంచి, మామూలు గొంతుతో. "ఆరు దగ్గర ఆగిపోయింది. ఇంక మీ ఇష్టం, తెల్లారేదాకా ఆడుకోండి."

మేవిస్ వచ్చి తండ్రిని గట్టిగా పట్టుకుంది. ఆ తర్వాత నాట్యమే నాట్యం. టూమీ బూట్ల మేకులు చెక్కనేల మీద గుంటలు పెట్టాయి, ఇప్పటికీ ఉన్నాయి. పాస్టర్ పర్విస్ ఓజెల్లాని కిటికీలోంచి లాక్కొచ్చి రెండు చుట్లు తిప్పాడు. అలసిపోయి కుర్చీల్లో కూలబడి, టూమీ అరగంట నిద్ర కూడా తీశాడు, తల మేవిస్ ఒళ్లో పెట్టుకుని. చేతి వాచీలు మూడు గంటలు తిరిగాక తలుపు తీశారు.

కోర్టు గడియారం రెండు నలభై చూపిస్తోంది. ఎనిమిది నిమిషాలు. అందులో ఆరు హాలిస్ కాగితానివే. అందరూ వాచీలు సరిచేసుకుని రోడ్డు దాటారు.

రెండో సగం నలిగి నలిగి సాగింది. చివరి మూడు సెకన్లు మిగిలేసరికి ఐరన్‌వుడ్ ఇరవై మూడు, కంచరగాడిదలు ఇరవై ఒకటి. బంతి నలభై నాలుగు గజాల దూరంలో ఉంది. ఇక తన్నడమే. టూమీ మైదానంలోకి నడిచాడు. స్టేడియం పైన, ఉత్తరం గోడ మీదుగా కనిపించే కోర్టు గడియారం మూడు యాభై ఎనిమిది.

జనం అలవాటు కొద్దీ హాలిస్ వైపు చూశారు. ఆయన లేవలేదు. రెండు చేతులతో బెంచీ పట్టుకుని కూర్చున్నాడు.

మేవిస్ కంబాల వెనక గడ్డిలో నిలబడింది. ఆమె పక్కనే ఆ జీపు అధికారి. సరిగ్గా టూమీ అడుగు వేయబోయే క్షణానికి ఐరన్‌వుడ్ కోచ్ నిమిషం విరామం అడిగాడు. తన్నేవాడి గుండె చల్లబరచడానికి ఇదొక పద్ధతి, అందరూ చేస్తారు. ఒక నిమిషం పోయింది. మళ్లీ వరసలో నిలబడ్డారు. మళ్లీ విరామం. మరో నిమిషం. మూడోసారి కూడా అడిగాడు, పాపాత్ముడు.

"వాడి జేబులో ఇంకెన్నున్నాయి?" అని గోల పెట్టాడు పాస్టర్ పర్విస్.

"సగానికి మూడే, అయిపోయాయి," అన్నాడు హాలిస్. "మొదట్లోనే వాన కురిపించేశాడు."

అధికారి చేతి వాచీ చూసుకున్నాడు. దాన్ని వేలితో తట్టాడు. చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. తర్వాత తలెత్తి కోర్టు గడియారం చూశాడు. మూడు యాభై ఎనిమిది. మా ఊరివాళ్లూ చూశారు. హాలు తలుపులు తాళం వేసి ఉన్నాయి, లోపల ఏ బొమ్మా ఆడటం లేదు. ముల్లు కదలటం లేదు. ఓజెల్లా అలవాటుగా ఒళ్లో గంట కోసం తడుముకుని, ముల్లు పరిగెట్టడం లేదని చూసి చెయ్యి వెనక్కి తీసుకుంది.

అధికారి వాచీని చొక్కాచేతి కిందికి తోసి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

బంతి వచ్చింది. టూమీ రెండడుగులు వేసి తన్నాడు. తలెత్తలేదు. గడ్డిలో బంతి ఉన్నచోటునే చూస్తూ, అందరి మొహాలూ ఆకాశంలో ఉన్నప్పుడు తన మొహం ఒక్కటీ నేల వైపు ఉంచి, అలాగే వంగి నిలబడిపోయాడు. బంతి పైకి, ఇంకా పైకి పోయింది, గాలికి కొంచెం ఎడమకి ఒరిగింది, మళ్లీ మనసు మార్చుకుంది.

"వెళ్లింది!" మేవిస్ గొంతు స్టేడియం అంతా వినిపించింది. "మధ్యలోంచి! సరిగ్గా మధ్యలోంచి! ఇప్పుడెత్తు తల!"

అతను ఎత్తాడు. అప్పుడు కోర్టు గడియారం ముల్లు ఒక్క ఉరుకున ముందుకి దూకి నాలుగు కొట్టింది. నాలుగు దెబ్బల్లో మొదటిదొక్కటే మాకు వినబడింది, మిగతావి ఊరి కేకల్లో కలిసిపోయాయి. ముప్ఫై ఒక్కేళ్ల కేకలవి. హాలిస్ బెంచీ మీదికెక్కి, అరవై మూడేళ్ల మనిషి, "నా అల్లుడు! వాడు నా అల్లుడర్రా!" అని, తెలియనివాళ్లకీ తెలిసినవాళ్లకీ వరసపెట్టి చెప్పాడు.

జీపు దగ్గర టూమీ, మేవిస్ ఎక్కువ మాట్లాడుకోలేదు. మాటలన్నీ హాల్లో ఆ మూడు గంటల్లోనే అయిపోయాయి. ఎక్కేముందు ఆమె తండ్రి వైపు తిరిగింది.

"ఎనిమిది నెలలు నాన్నా. నువ్వు చెప్పు, బయట ఎంతసేపు?"

హాలిస్ సినిమాని చూసినట్టే ఆ ఇద్దర్నీ చూశాడు, కొంచెం తల వంచి, ఒక కన్ను సగం మూసి.

"ఒక మధ్యాహ్నం," అన్నాడు. "భోజనాలైన దగ్గర్నుంచి కాఫీ తాగేదాకా."

ఎడమ బోర్డు మనిషి చెప్పిన మాట. మేవిస్ నమ్మి జీపెక్కింది.

మర్నాడు చర్చి వదిలాక జనం వచ్చేసరికి ఆయన నిచ్చెన మీదే ఉన్నాడు. ఎడమ పక్క: "పెళ్లి. లోపల మూడు గంటలు. బయట ఎనిమిది నిమిషాలు. ఆరు నావి, క్షమించండి." కుడి పక్క, వచ్చే శనివారం సెమీఫైనల్‌కి, "కంచరగాడిదలే గెలుస్తాయి" అని పేర్చడం మొదలుపెట్టాడు.

"ఒరేయ్, వద్దురా!" కిందనుంచి ఊరు ఊరంతా చేతులు జోడించింది. "నీకు దణ్ణం పెడతాం, ఆ మాట తియ్యరా!"

"నా అభిప్రాయం నాది," అన్నాడు హాలిస్.

నిచ్చెన పట్టుకుని ఉన్న టూమీ పైకి చూసి, "తీసెయ్యండి మావయ్యా, నాకూ భయంగానే ఉంది," అన్నాడు.

అల్లుడి మాట కదా అని తీశాడు. అక్షరాలన్నీ పెట్టెలో వేసి, చాలాసేపు ఆలోచించి, కొత్తగా ఒక్క వాక్యం పేర్చి కిందికి దిగాడు. అది ఎనిమిది నెలలు అలాగే ఉంది. మేవిస్ జీపు తిరిగొచ్చిన రోజున, కాఫీ వేళకి, మొదట ఆమె కంటపడిందీ అదే: "టూమీ తన్నేటప్పుడు ఎవరూ కదలొద్దు. కూర్చుని చూడండి."